వానలో రోజూ బండి తీసేవాళ్లు టైరు ఎలా ఎంచుకోవాలి

మోటారు సైకిల్‌కో స్కూటరుకో టైరు కొనేటప్పుడు చాలామంది ముందుగా గాట్లలో వేలు పెట్టి ఎంత లోతున్నాయో చూస్తారు. గాట్లు దట్టంగా, లోతుగా ఉంటే వానకు మంచిదని నమ్మకం. అందులో సగమే నిజం. గాటు చేసే పని నీటికి దారి ఇవ్వడం. రోడ్డును పట్టుకునేది గాటుకీ గాటుకీ మధ్య ఉన్న రబ్బరు. ఇంటికీ పనికీ మధ్య 30 నుంచి 60 కిలోమీటర్ల వేగంలో తిరిగే బండి తడి రోడ్డు మీద జారిందంటే గాట్లు చాలక జారడం తక్కువ. రబ్బరు మొదటినుంచీ గట్టిదై ఉంటుంది, లేదా వయసు మీద పడి గట్టిపడి ఉంటుంది, లేదా గాలి సరిగ్గా ఉండదు. అందుకే ఎంపిక రబ్బరు దగ్గర మొదలుపెట్టాలి. గాట్ల డిజైను రెండోది. కంపెనీ పేరు ఆ తర్వాతే.

రబ్బరు

తారు రోడ్డు ఎంత నున్నగా కనిపించినా దగ్గరికి వంగి చూస్తే కంకర మొనలు తేలి ఉంటాయి. బండి బరువుకు రబ్బరు ఆ మొనల చుట్టూ ఒదిగి, వాటి మధ్య సందుల్లోకి దిగుతుంది. రోడ్డు పొడిగా ఉంటే దీనికి తోడు రబ్బరు రోడ్డుకు అంటుకునే గుణం కూడా కలిసి వస్తుంది. తడిస్తే మధ్యలో పల్చటి నీటిపొర చేరి ఆ అంటుకునే గుణాన్ని చాలావరకు తీసేస్తుంది. ఇక మిగిలేది ఒదగడం ఒక్కటే. పైగా వానకు రోడ్డూ టైరూ రెండూ చల్లబడతాయి, చల్లబడిన రబ్బరు బిగుసుకుంటుంది. అసలే గట్టి రబ్బరైతే మొనల మీద కూర్చుంటుందే తప్ప సందుల్లోకి దిగదు. బ్రేకు నొక్కగానే చక్రం ఆగి బండి జారిపోయేది ఇలాంటప్పుడే.

దీనికి విరుగుడు సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం. టైరు రబ్బరుకు బలం రావడానికి కార్బన్ బ్లాక్ అనే మసి పొడి కలుపుతారు, టైరు నల్లగా ఉండేది దానివల్లే. అందులో కొంత భాగం బదులు సిలికా కలిపితే చల్లని తడి రోడ్డు మీద కూడా రబ్బరు ఒదిగే గుణం నిలుస్తుంది, వేడెక్కేదాకా ఎదురుచూడక్కర్లేదు. 1992లో మిషెలిన్ కార్ల టైర్లలో దీన్ని పెద్ద ఎత్తున తెచ్చింది. ఇప్పుడు మంచి రోడ్డు టైర్లలో చాలావాటిలో ఎంతో కొంత ఉంటుంది. కొనే ముందు కంపెనీ ఇచ్చిన వివరాల్లో సిలికా మాట ఉందో లేదో చూడండి. లేకపోతే, ‘ఎక్కువ కాలం మన్నుతుంది’ అన్నదే ఆ టైరు గొప్పగా చెప్పుకునే మాటైతే, అది గట్టి రబ్బరని అనుకోవచ్చు. మన్నికకు ప్రాధాన్యం ఇచ్చినకొద్దీ తడిలో పట్టు తగ్గుతుంది. ఏడాదిలో ఎక్కువ భాగం తడి రోడ్ల మీదే తిరిగేవాళ్లు మన్నికలో కొంత వదులుకుని పట్టు తీసుకోవడమే సరైన బేరం.

రెండు టైర్లు పక్కపక్కన ఉన్నప్పుడు ఒక చిన్న పరీక్ష పనికొస్తుంది. గాటు అంచున బొటనవేలి గోరు గట్టిగా నొక్కి తీయండి. మెత్తని రబ్బరు మీద గోటి గీత పడి నెమ్మదిగా మాసిపోతుంది. గట్టిదాని మీద గోరు జారుతుంది, గీత పడదు. ఇది కొలత కాదు, ఒకే చోట ఒకే వేడిలో ఉన్న టైర్లను పోల్చి చూసుకోవడానికి మాత్రమే. అయినా పాత ముందు టైరును కొత్తదాని పక్కన పెట్టి ఇలా నొక్కి చూస్తే తేడా వెంటనే తెలిసిపోతుంది.

డ్యూయల్ కాంపౌండ్ (రెండు రకాల రబ్బరు మిశ్రమం) టైర్లలో మధ్యన గట్టి రబ్బరు, రెండు అంచుల్లో మెత్తనిది ఉంటుంది. మధ్య భాగం త్వరగా అరగకుండా, మలుపుల్లో పట్టు బాగుండేలా చేసిన ఏర్పాటు ఇది. ఊళ్లో ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లు ఒక్క విషయం గమనించాలి. వానలో మీరు గట్టిగా బ్రేకు వేసేది బండి నిటారుగా ఉన్నప్పుడే, అంటే ఆ గట్టి మధ్య భాగం మీదే. కాబట్టి అంచుల మెత్తదనం చూసి మురిసిపోకుండా మధ్య భాగంలో కూడా సిలికా ఉందా అని అడగండి.

గాట్లు ఎంత, ఎలా

బండి టైరు రోడ్డుకు ఆనే చోటు అరచేయంత ఉంటుంది. అది 5 సెంటీమీటర్ల వెడల్పు అనుకుందాం. రోడ్డు మీద 2 మిల్లీమీటర్ల నీరుంది, వేగం గంటకు 60 కిలోమీటర్లు, అంటే సెకనుకు 16.7 మీటర్లు. గుణిస్తే ఆ టైరు ప్రతి సెకనుకూ లీటరున్నరకు పైగా నీటిని పక్కకు నెట్టాలి. గాట్లు ఉన్నది ఇందుకే. నెట్టాల్సిన నీరు నెట్టలేనంత ఎక్కువైతే టైరు నీటి మీద తేలుతుంది, హ్యాండిల్ ఒక్కసారిగా తేలికైపోతుంది. మోటారు సైకిల్ టైరు గుండ్రంగా ఉండి పడవ అడుగు భాగంలా నీటిని చీలుస్తుంది కాబట్టి కారు టైరుకన్నా ఈ విషయంలో మెరుగు. ఊళ్లో వేగాలకు, గాట్లు సరిపడా ఉన్న టైరు తేలడం అరుదు. అరిగిన టైరుతో హైవే మీద నిలిచిన నీళ్లలోకి దూసుకెళ్తే మాత్రం తేలుతుంది.

మధ్య నుంచి అంచులకు ఏటవాలుగా వెళ్లి పక్కన తెరుచుకునే గాట్లు నీటిని బాగా బయటికి పంపుతాయి. మధ్యలోనే మొదలై మధ్యలోనే ఆగిపోయే పొట్టి గాట్లకు ఆ పని అంతగా చేతకాదు. కొన్ని టైర్లలో పెద్ద గాట్లతో పాటు బ్లేడుతో గీసినంత సన్నని కోతలు ఉంటాయి, వాటిని సైపులంటారు. సైపు అంచు నీటిపొరను తెంపి రబ్బరును రోడ్డుకు తగిలేలా చేస్తుంది. 2011లో వచ్చిన మిషెలిన్ పైలట్ రోడ్ 3తో పెద్ద బండ్ల టైర్లలో ఈ పద్ధతికి బాగా పేరు వచ్చింది. స్కూటర్లకు అదే కంపెనీ సిటీ గ్రిప్ రకంలో కూడా సైపులున్నాయి.

అంచుల్లో గాట్లు లేకుండా నున్నగా ఉందని టైరును పక్కన పెట్టేయకండి. బండి బాగా వంగినప్పుడు రోడ్డుకు ఆనే పట్టీ సన్నగా ఉంటుంది, నీరు దాని పక్కలనుంచే పోతుంది. అక్కడ ఎక్కువ రబ్బరు తగలడమే మేలు. దిమ్మెల్లాంటి పెద్ద బ్లాకులున్న ఆఫ్‌రోడ్ టైర్ల సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. చూడ్డానికి వాటి గాట్లలో చెరువు పట్టేలా ఉంటుంది కానీ, తడి తారు మీద ఆనే రబ్బరు తక్కువ. బ్రేకు వేస్తే ఎత్తైన బ్లాకులు వంగిపోతాయి. దారిలో రోజూ బురద తగిలేవాళ్లకు తప్ప అవి వద్దు. బురద కొంచెమే తగిలితే, రోడ్డుకే ఎక్కువగా పనికొచ్చేలా దగ్గర దగ్గర బ్లాకులతో చేసిన టైరు చాలు.

లోతు సంగతి. ట్రెడ్ (రోడ్డుకు ఆనే పైభాగం) గాట్లలో అక్కడక్కడా చిన్న గట్లు అడ్డంగా ఉంటాయి. అవి ఎక్కడున్నాయో చెప్పడానికి సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద టీడబ్ల్యూఐ (అరుగుదల గుర్తు) అనో, చిన్న త్రికోణం గుర్తో ఉంటుంది. ట్రెడ్ ఆ గట్టుతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. మోటారు సైకిల్ టైర్లలో ఆ గట్టు ఎత్తు సాధారణంగా 0.8 మిల్లీమీటర్లు. వాన కోసమైతే అంతదాకా ఆగకూడదు. 2 మిల్లీమీటర్లకు రాగానే మార్చేయండి, ఆ తర్వాత మిగిలిన గాటులో పట్టే నీరు చాలా తక్కువ. డెప్త్ గేజ్‌తో కొలిచేటప్పుడు గేజ్ మొన ఆ గట్టు మీద కాకుండా గాటు అడుగున ఆనాలి. టైరు మధ్యలో, చుట్టూ మూడు చోట్ల కొలిచి అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకె తీసుకోవాలి. అంచుల్లో కొలిస్తే ఎప్పుడూ బాగున్నట్టే కనిపిస్తుంది.

నేరుగా ఎక్కువగా తిరిగే బండికి వెనక టైరు మధ్యలో అరిగి బల్లపరుపు అవుతుంది. గుండ్రటి ఆకారం పోయాక నీటిని చీల్చే గుణమూ పోతుంది. మలుపులో వంగేటప్పుడు ఆ బల్లపరుపు అంచు మీదికి ఎక్కి దిగినట్టు బండి తూలుతుంది. గాటు ఇంకా 2 మిల్లీమీటర్లు ఉన్నా, ఆకారం ఇలా పోయిన టైరుతో వానాకాలం గడపకండి.

ముందు చక్రం ముందు

వెనక టైరు ముందుదానికన్నా త్వరగా అరుగుతుంది. అందుకని వెనకది మార్చినప్పుడల్లా ముందుదాన్ని చూసి ‘ఇంకా గాట్లు బాగానే ఉన్నాయి’ అనుకుని వదిలేస్తారు. అలా ఒక్కో ముందు టైరు ఆరేళ్లు, ఏడేళ్లు బండికే ఉండిపోతుంది. గాట్లు ఉంటాయి, కానీ రబ్బరు గట్టిపడి ఉంటుంది. బ్రేకు వేస్తే బరువు ముందుకు పడుతుంది, బండిని ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు టైరుదే. వెనక టైరు జారితే సర్దుకునే అవకాశం కొంతైనా ఉంటుంది. ముందుది జారితే మనిషి కింద పడ్డాకే సంగతి తెలుస్తుంది. ఇద్దరు మెకానిక్‌లు రెండు రకాలుగా చెప్పినా సరే, డబ్బు ఒక్క మంచి టైరుకే ఉంటే ఆ మంచి టైరు ముందుకు వేయండి. వెనక మామూలు టైరు సరిపోతుంది, అరిగింది మాత్రం ఉంచకూడదు.

వీలైతే రెండూ ఒకే కంపెనీ, ఒకే రకం జత తీసుకోండి. ముందు రేడియల్, వెనక బయాస్ (లోపలి దారాల అమరికలో ఇవి రెండు రకాలు) లాంటి కలగాపులగం బండి తయారీదారు ఒప్పుకుంటే తప్ప వద్దు. రెండూ భారానికి వేర్వేరుగా వంగుతాయి.

టైరు మీది అంకెలు

100/90-17 ఎం/సి 55పి అని ఉంటే, 100 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 90 అంటే ఆ వెడల్పులో 90 శాతం ఎత్తు, అంటే 90 మిల్లీమీటర్లు. 17 అంటే అంగుళాల్లో రిమ్ము. ఎం/సి అంటే మోటారు సైకిల్‌ది. 55 భారం అంకె, పి వేగం అక్షరం.

భారం అంకెను ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవాలి. 47 అంటే 175 కిలోలు, 50 అంటే 190, 55 అంటే 218, 62 అంటే 265. ఒక లెక్క చూద్దాం. బండి 140 కిలోలు, ఇద్దరు మనుషులు 140, బ్యాగు 10, మొత్తం 290. వెనక మనిషి ఉంటే మూడింట రెండు వంతుల దాకా వెనక చక్రం మీదే పడొచ్చు, అంటే 190 కిలోల పైమాటే. 55 అంకె టైరు హాయిగా మోస్తుంది. 47 అంకెది చూడ్డానికి సరిగ్గా పట్టినా మోయకూడని బరువు మోస్తుంటుంది, అలాంటి టైరు లోలోపల వేడెక్కి పాడవుతుంది. వేగం అక్షరాల్లో జె 100, ఎల్ 120, పి 150, ఎస్ 180, హెచ్ 210 కిలోమీటర్లు. బండికి కంపెనీ ఇచ్చిన భారం అంకెకూ వేగం అక్షరానికీ ఎప్పుడూ తగ్గకూడదు, ఎక్కువైతే ఫరవాలేదు.

వెనక ఒక సైజు పెద్దది వేస్తే పట్టు పెరుగుతుందని ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. వానలో ఇది ఎదురు తిరుగుతుంది. ప్రతి టైరుకూ ఇంత వెడల్పు రిమ్ము కావాలని లెక్క ఉంటుంది. సన్న రిమ్ముకు వెడల్పు టైరు వేస్తే రెండు పక్కలా నొక్కినట్టై నడుమ ఉబ్బుతుంది. నిటారుగా ఉన్నప్పుడు ఆనే చోటు తగ్గుతుంది, వంగేటప్పుడు బండి ఒక్కసారిగా వాలినట్టు అనిపిస్తుంది. పట్టు పెరగాలని పెట్టిన ఖర్చు దాన్ని తగ్గించడానికి ఖర్చవుతుంది. చైన్ కవరుకూ, వెనక చక్రాన్ని పట్టే స్వింగ్ ఆర్మ్‌కూ టైరు రాసుకోవడం అదనం. కంపెనీ సైజే వేయండి.

తయారైన తేదీ, సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెల్లో ఉంటుంది. 3224 అంటే 2024లో 32వ వారం. ఒక వైపు కనపడకపోతే టైరు తిప్పి రెండో వైపు చూడండి. కొత్త టైరైతే ఏడాది లోపుది అడగండి. రెండేళ్లు దాటినది, ఎండ తగిలే చోట వేలాడదీసినది ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. బండికి ఉన్న టైరు ఐదేళ్లు దాటితే ఏటా విప్పించి చూపించాలి. గాట్ల అడుగున, సైడ్‌వాల్ మీద సన్నని పగుళ్లు కనిపిస్తే వానాకాలానికి ముందే మార్చేయాలి. పదేళ్లు దాటినది ఎంత కొత్తగా కనిపించినా పనికిరాదు.

ట్యూబ్‌లెస్ రిమ్ము ఉన్నవాళ్లకు ట్యూబ్‌లెస్సే మంచిది. తడి రబ్బరును గాజుముక్క, మేకు సులువుగా కోస్తాయి. నీరు నూనెలా జారుడు ఇస్తుంది కాబట్టి వానాకాలంలో పంచర్లు ఎక్కువ. ట్యూబు పగిలితే గాలి క్షణాల్లో పోతుంది, ట్యూబ్‌లెస్‌లో నెమ్మదిగా దిగుతుంది. మామూలు స్పోకుల రిమ్ముకు ట్యూబు తీసేసి ట్యూబ్‌లెస్ టైరు మాత్రం వేస్తే, స్పోకులు బిగించే నిపిల్ రంధ్రాల్లోంచి గాలి కారుతుంది. అక్కడ ట్యూబు తప్పదు. టైరు మార్చినప్పుడల్లా ట్యూబునూ లోపలి రిమ్ టేపునూ కూడా మార్పించండి.

వేయించేటప్పుడు పక్కనే నిలబడండి

పాత టైరు విప్పాక రిమ్ము అంచు చూడండి. తుప్పూ ఎండిన రబ్బరు ముక్కలూ అక్కడ ఉంటే వైరు బ్రష్‌తో తీయించాలి. ట్యూబ్‌లెస్‌లో నెమ్మదిగా గాలి దిగడానికి అదే పెద్ద కారణం. రబ్బరు వాల్వు కొత్తది వేయించండి. టైరు అంచుకు సబ్బు నీళ్లు రాయాలి కానీ గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రాయనివ్వకండి. అవి రబ్బరును పాడుచేస్తాయి, బ్రేకు వేసినప్పుడు టైరు రిమ్ము మీద తిరిగిపోతుంది. డిస్క్ బ్రేకు ఉన్న చక్రాన్ని డిస్క్ మీద బోర్లించి పని చేస్తే ఆపేయండి.

సైడ్‌వాల్ మీద బాణం గుర్తు ఉంటుంది, చక్రం తిరిగే వైపే బాణం చూపాలి. కొన్ని టైర్లకు ముందు చక్రానికి ఒక బాణం, వెనక చక్రానికి ఇంకో బాణం వేరువేరుగా ఉంటాయి. బాణం తిరగబడితే గాట్లు నీటిని బయటికి పంపాల్సింది పోయి లోపలికి పోగుచేస్తాయి. ఇది చాలా సులువుగా జరిగే పొరపాటు, బండికి చక్రం ఎక్కించే ముందే సరిచూసుకోండి. రంగు చుక్క ఉంటే దాన్ని వాల్వు పక్కకు తెమ్మనండి, సాధారణంగా టైరులో తేలికైన చోటుకు ఆ గుర్తు. గాలి నింపాక రిమ్ము అంచును ఆనుకుని టైరు మీద ఒక సన్నని గీత చుట్టూ కనిపిస్తుంది. రిమ్ముకూ ఆ గీతకూ మధ్య ఎడం అంతటా ఒకేలా ఉండాలి. ఒకచోట లోపలికి దాక్కుంటే బీడు (రిమ్ములో కూర్చునే టైరు అంచు) సరిగ్గా కూర్చోలేదన్నమాట. గాలి తీసి, సబ్బు నీళ్లు రాసి మళ్లీ నింపాలి.

కొత్త టైరు పైపొర నున్నగా, జారుగా ఉంటుంది. మొదటి 150 కిలోమీటర్లు గట్టి బ్రేకు, ఒక్కసారిగా వంగడం వద్దు. కుదిరితే వానలు మొదలవ్వక ముందే వేయించి ఆ దూరం పొడి రోడ్డు మీద తిప్పేయండి. మెరిపించడానికి కొట్టే టైరు పాలిష్ ట్రెడ్‌కు చుక్కైనా తగలకూడదు.

గాలి

వానలో గాలి కొంచెం తగ్గిస్తే పట్టు పెరుగుతుందనే మాట ఇసుకకు, బురదకు సరే. రోడ్డు మీద నీళ్లలో అది తప్పు. గాలి తగ్గితే ట్రెడ్ లోపలికి వంగి గాట్లు మూసుకుంటాయి. నీటిని నొక్కి పంపే ఒత్తిడీ తగ్గుతుంది. విమానం టైర్ల మీద నాసా చేసిన పరీక్షల్లోంచి వచ్చిన లెక్క ఒకటుంది. నిలిచిన నీటి మీద టైరు తేలే వేగం గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కన గాట్లు లేని టైరు 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర గంటకు సుమారు 90 కిలోమీటర్లకు తేలితే, 20 పీఎస్ఐ దగ్గర 75కే తేలుతుంది. మోటారు సైకిల్ టైరుకు ఈ అంకెలు అచ్చంగా వర్తించవు కానీ, గాలి తగ్గితే ముందే తేలుతుందన్న సంగతి మాత్రం మారదు.

ఎంత కొట్టించాలో స్వింగ్ ఆర్మ్ మీదో చైన్ కవరు మీదో స్టిక్కరు ఉంటుంది, లేదా బండి పుస్తకంలో ఉంటుంది. టైరు సైడ్‌వాల్ మీద ఉన్నది గరిష్ఠం, అది కొట్టించకూడదు. వెనక మనిషి ఎక్కితే వేరే అంకె ఇచ్చి ఉంటుంది, దాన్నీ పాటించండి. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి, అంటే కనీసం మూడు గంటలు బండి ఆగి ఉండాలి. వాతావరణం 5, 6 డిగ్రీలు చల్లబడితే సుమారు 1 పీఎస్ఐ దానంతట అదే తగ్గుతుంది. ఎండాకాలంలో సరిగ్గా కొట్టించిన గాలి తొలి వానలకే రెండు, మూడు పీఎస్ఐ తక్కువై ఉంటుంది. వానాకాలమంతా వారానికోసారి, ఎప్పుడూ ఒకే గేజ్‌తో చూసుకోండి. వాల్వు టోపీ పోతే వెంటనే పెట్టించండి, లోపలికి బురద చేరితే వాల్వు కారుతుంది.

పంచరైతే ట్రెడ్ మధ్య భాగంలో 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రానికి మాత్రమే మరమ్మతు. బయటినుంచి గుచ్చే ప్లగ్ ఇంటికి చేరడానికి పనికొస్తుంది. ఆ తర్వాత టైరు విప్పించి, లోపలివైపు చూసి, లోపలినుంచి పుట్టగొడుగు ఆకారపు ప్లగ్ వేయించాలి. అంచుల్లో, సైడ్‌వాల్‌లో కోత పడితే టైరు మార్చడమే.

ఇంత చేశాక కూడా కొన్నిచోట్ల ఏ టైరూ పట్టదు. జీబ్రా గీతల రంగు, ఇనుప మూతలు, పట్టాలు, తడిసిన ఆకులు, డీజిల్ మరకలు అలాంటివి. రంగుకు, ఇనుముకు రబ్బరు ఒదిగే సందులే ఉండవు, కాబట్టి అక్కడ ఎంత మెత్తని కాంపౌండైనా ఒకటే. వాటి మీద బ్రేకు వేయకుండా, బండి వంచకుండా నిటారుగా దాటండి. చాలా రోజుల తర్వాత పడే వానలో మొదటి అరగంట దుమ్మూ నూనే కలిసి రోడ్డంతా అలాగే ఉంటుంది. ధారగా కురిసి రోడ్డు కడుక్కున్నాక మీరు డబ్బు పెట్టి కొన్న పట్టు మళ్లీ చేతికొస్తుంది.